వెయ్యి పెళ్లి ఫోటోలు, ఒక రాత్రి: ఏఐతో గుంపుగా దిద్దే పద్ధతి

పరకాల దగ్గరి ఊరిలో ఒక పెళ్లి. ఏరివేత అయ్యాక 1,100కు పైగా ఫోటోలు మిగిలాయి. రాత్రి పదింటికి అన్నింటినీ కలిపి ఏఐ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి పడుకున్నాను. తెల్లవారేసరికి పని పూర్తయింది. ఫోటోలు తళతళలాడుతున్నాయి. ఆల్బమ్ నమూనా చూపించడానికి వెళ్తే, పెళ్లికూతురి నానమ్మ కళ్లద్దాలు సవరించుకుని నాలుగు పేజీలు తిప్పి, తన ఫోటో దగ్గర ఆగింది. “నా పచ్చబొట్టు ఏది బిడ్డా?” అని అడిగింది. చిన్నప్పుడెప్పుడో నుదుటి మీద పొడిపించుకున్న పచ్చబొట్టు. సాఫ్ట్‌వేర్ దాన్ని మచ్చ అనుకుంది. ఆమె కనిపించిన ప్రతి ఫోటోలోనూ శుభ్రంగా తుడిచేసింది.

ఆ రోజు హనుమకొండకు తిరిగి వస్తూ, నేను పని చేసే వరుసనే మార్చుకోవాలని నిర్ణయించుకున్నాను. ఒక్కో ఫోటో దిద్దేటప్పుడు చేసిన తప్పు ఆ ఒక్క ఫోటోతో ఆగుతుంది. గుంపుగా దిద్దేటప్పుడు అదే తప్పు వెయ్యి చోట్ల అచ్చుపడుతుంది. కాబట్టి మన శ్రమంతా మీట నొక్కక ముందు ఒకసారి, నొక్కాక మరోసారి ఉండాలి. మధ్యలో యంత్రం పని యంత్రం చేసుకుంటుంది. కింద చెప్పేదంతా ఆ ముందూ వెనకా చేయాల్సిన పనుల గురించే. ఉదాహరణకు పెళ్లిని తీసుకున్నాను కానీ, బతుకమ్మ ఫోటోలకైనా మేడారం జాతర ఫోటోలకైనా వరుస ఇదే.

మొదట కాపీలు

మెమరీ కార్డులోని ఫైళ్లను రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించండి. ఆల్బమ్ చేతికి ఇచ్చేదాకా ఒక డిస్కు జోలికి వెళ్లవద్దు. రెండో దానిలో నాలుగు ఫోల్డర్లు పెట్టుకోండి: అసలువి, ఏరినవి, దిద్దినవి, ప్రింటుకు పంపేవి. సాఫ్ట్‌వేర్ రాసే ఫైళ్లు ఎప్పుడూ ‘దిద్దినవి’లోకే వెళ్లాలి. ‘అసలు ఫైలు మీదే రాయి’ అనే ఎంపిక ఎక్కడ కనిపించినా దానికి టిక్కు తీసేయండి. కొన్ని సాధనాలు అడగకుండానే అసలు ఫైలు మీద రాసేస్తాయి. ఫోటోలను గుంపుగా మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే సాధనంలోని మోగ్రిఫై ఆదేశం స్వభావమే అది. ఫైళ్లకు, ఫోల్డర్లకు పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. తెలుగు పేర్లు చూసి తడబడే సాఫ్ట్‌వేర్లు ఇంకా ఉన్నాయి.

డిస్కులో జాగా ఎంత కావాలో కూడా ఇప్పుడే లెక్క వేసుకోవాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక రా ఫైలు (కెమెరా దిద్దకుండా దాచే ఫైలు) సుమారు 25 ఎంబీ ఉంటుందనుకుంటే, ఉదాహరణకు 900 ఫోటోలకు 22 జీబీ దాటుతుంది. అదే ఫోటోను 16 బిట్ల టిఫ్‌గా (నాణ్యత తగ్గించని ఫైలు రకం) దాస్తే ఒక్కొక్కటి 144 ఎంబీ, 900 కలిపి దాదాపు 130 జీబీ. అర్ధరాత్రి రెండింటికి డిస్కు నిండిపోయి పని ఆగిపోవడం కంటే, సాయంత్రమే పాత సామాను ఖాళీ చేయడం నయం.

ఏరివేత

ఏరడానికి కూడా ఇప్పుడు ఏఐ ఉంది. మసకగా వచ్చినవి, కళ్లు మూసినవి, ఒకేలా ఉన్నవి తనే పక్కన పెడుతుంది. మసక ఫోటోల విషయంలో దాన్ని నమ్ముతాను, కళ్ల విషయంలో నమ్మను. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో వధువు కళ్లు మూసుకుంటుంది. అప్పగింతల్లో తండ్రి కళ్లు మూసుకునే ఏడుస్తాడు. సాఫ్ట్‌వేర్ లెక్కలో అవి పనికిరాని ఫోటోలు, ఇంటివాళ్ల లెక్కలో ఆల్బమ్‌లో ముందు వెతికే ఫోటోలు. కాబట్టి ఏఐ పక్కన పెట్టినవాటిని చెరిపేయకండి, ఒక చుక్క గుర్తు పెట్టి ఒకసారి చకచకా తిరగేయండి. ఇరవై నిమిషాల పని.

వెలుతురును బట్టి గుంపులు

ఇక్కడ మాత్రం తొందరపడకండి, ఎందుకంటే ఫలితం సగానికి సగం ఇక్కడే తేలిపోతుంది. చాలామంది ‘పెళ్లి’ అని ఒకే ఫోల్డరు చేసి, ఒకే ప్రీసెట్ (ముందే దాచిపెట్టుకున్న సవరణల కట్ట) అంతటికీ రుద్దుతారు. పెళ్లి మనకు ఒక్కటే కావచ్చు, కెమెరాకు మాత్రం ఐదారు రకాల వెలుతురు.

మన వైపు పెళ్లినే చూడండి. మైలపోలు, అంటే పసుపు రాసి స్నానం చేయించే వేడుక, ఇంటి ముందు జరుగుతాయి. పైన ఎర్రదో పసుపుదో షామియానా, ఎండ దాని గుండా దిగి అందరి ముఖాల మీదా ఆ రంగు పులుముతుంది. దానికి తోడు అసలు పసుపు. ఎదుర్కోళ్లు పొద్దుగూకే వేళ, కొంత ఆకాశపు వెలుగు, కొంత వీధి దీపం, మధ్య మధ్య ఫ్లాష్. మండపంలో ఎల్‌ఈడీ దీపాలు, వీడియో తీసేవారి లైటు. బరాత్‌లో డీజే లైట్లు ఊదా నుంచి ఆకుపచ్చకు క్షణానికోసారి మారుతుంటాయి. ఈ నాలుగింటికీ ఒకే సవరణ ఎలా సరిపోతుంది?

మైలపోల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆటో వైట్ బ్యాలెన్స్ (తెల్లది తెల్లగా కనిపించేలా రంగు సరిచేసే అమరిక), ఏఐ రంగు సవరణ రెండూ ఫోటో నిండా పసుపు కనిపిస్తే వెలుతురే పసుపుగా ఉందని భావిస్తాయి. దాన్ని చల్లార్చడానికి నీలం కలుపుతాయి. ఫలితంగా పసుపు రాసుకున్న పెళ్లికూతురు సున్నం రాసుకున్నట్టు తేలుతుంది. ఈ గుంపుకు ఆటోను పూర్తిగా ఆపేసి, ఫ్రేములో ఎవరిదో ఒక తెల్ల చొక్కా, స్టీలు గిన్నె లాంటి రంగులేని వస్తువు మీద వైట్ బ్యాలెన్స్ చుక్క పెట్టి తీసుకోండి. తెల్లది తెల్లగా వస్తే పసుపు పసుపుగానే నిలుస్తుంది. సద్దుల బతుకమ్మ ఫోటోలకూ ఇదే చిక్కు. తంగేడు పసుపు, రంగు అద్దిన గునుగు ఫ్రేమంతా పరుచుకుని ఉంటే సాఫ్ట్‌వేర్‌కు అది రంగు దోషంలా తోస్తుంది. వేయిస్తంభాల గుడి దగ్గర రాత్రి తీసినవైతే మరీను, వెనక నల్లరాయి, ముందు దీపాల పసుపు. మేడారం ఫోటోల్లో ఎర్రటి దుమ్ము ఉంటుంది. మసక తగ్గించే డీహేజ్ మీటను గట్టిగా తిప్పితే అది మాయమవుతుంది, దాంతోపాటు జాతరా మాయమవుతుంది. అక్కడ పావు వంతు తిప్పితే చాలు.

గుంపులు చేయడానికి సులువైన దారి ఫోటో తీసిన సమయం ప్రకారం పేర్చడమే. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు తీసి ఉంటే ముందు వాళ్ల కెమెరా గడియారాలు సరిచూడండి. ఒకరిది ఏడు నిమిషాలు వెనక ఉంటే తలంబ్రాలు తాళి కంటే ముందే పడిపోతాయి. అడోబీ వాళ్ల ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఎంచుకున్న ఫోటోలన్నింటి సమయాన్ని ఒకేసారి ముందుకో వెనక్కో జరపవచ్చు. ఒకే క్షణాన్ని ఇద్దరూ తీసిన ఫోటోలు రెండు దొరికితే తేడా ఎంతో తేలిపోతుంది.

గుంపుకో నమూనా ఫోటో

ప్రతి గుంపులోంచి ఒక ఫోటో తీసి చేత్తో దిద్దండి. బాగా వచ్చిన ఫోటోను ఎంచుకోకండి, మధ్యస్థంగా వచ్చినదాన్ని పట్టుకోండి. ముఖం, పట్టుచీర, వెనక నీడ మూడూ అందులో ఉండాలి. రంగు, వెలుగు, కాంట్రాస్టు కుదిరాక, లైట్‌రూమ్‌లో ఆ ఫోటోను మొదట నొక్కి, మిగతా గుంపును కలిపి ఎంచుకుని ‘సింక్’ నొక్కితే ఏమేమి అంటించాలో టిక్కుల జాబితా వస్తుంది. రంగు, టోను, లెన్సు సవరణ టిక్కులు ఉంచండి. క్రాపు, మచ్చలు తీసినవి, చేత్తో బ్రష్షు వేసినవి తీసేయండి. ఆ బ్రష్షు గీత పక్క ఫోటోలో మామగారి ముక్కు మీద పడుతుంది. ‘మనిషిని ఎంచు’, ‘ఆకాశాన్ని ఎంచు’ తరహా ఏఐ మాస్కులు (ఫోటోలో ఒక భాగానికే సవరణ పడేలా చేసేవి) మాత్రం అంటించవచ్చు, అవి ఒక్కో ఫోటోకు కొత్తగా లెక్క కట్టుకుంటాయి.

వెలుగు కొద్దికొద్దిగా మారుతున్న గుంపుకు ‘మ్యాచ్ టోటల్ ఎక్స్‌పోజర్స్’ అనే ఆదేశం పనికొస్తుంది. షట్టరు, అపర్చరు, ఐఎస్ఓ అనే కెమెరా వెలుతురు అమరికల అంకెలు చూసి ఫోటోలన్నింటినీ నమూనా స్థాయికి తెస్తుంది. ఫ్లాష్ వాడిన ఫోటోల్లో దాని లెక్క తప్పుతుంది. ఇంకో మాట: ‘ఆటో సింక్’ పొరపాటున ఆన్‌లో ఉండిపోతే, మీరు ఒక్క ఫోటోకు చేస్తున్నాననుకునే మార్పు ఎంచుకున్న మూడు వందలకూ పడుతుంది. నాకు ఒకసారి గంట పని పోయింది.

డబ్బు పెట్టలేనివారికి డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఉచితం, రా ఫైళ్లు చదువుతుంది, ఒక ఫోటో సవరణల చరిత్రను కాపీ చేసి మిగతావాటికి అంటించవచ్చు. నేర్చుకోవడానికి ఓపిక కావాలి.

డీజే లైట్ల ఊదా ముఖాలను మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ కూడా దారికి తేలేదు. రంగే లేని చోట రంగు ఎలా పుడుతుంది? అవి బాగా ఉన్నవి నాలుగు తీసి నలుపు తెలుపు చేస్తాను. ఇంటివాళ్లు ఇష్టంగానే చూస్తారు.

నాయిస్: రాత్రి ఫోటోలకు మాత్రమే

నాయిస్ అంటే వెలుతురు చాలనప్పుడు ఫోటో మీద ఇసుకలా పడే రవ్వ. వరుసలో దాన్ని తీయడం రంగు కంటే కూడా ముందు రావడం మంచిది. మచ్చలు తీయడం, మాస్కులు వేయడం వంటివి శుభ్రమైన ఫోటో మీద బాగా కుదురుతాయి. లైట్‌రూమ్‌లో ఏఐ డీనాయిస్ 2023 ఏప్రిల్‌లో వచ్చింది. డీఎక్స్‌ఓ ప్యూర్‌రా, టోపాజ్ ఫోటో ఏఐ కూడా ఈ పని చేస్తాయి. వీలైనంతవరకు రా ఫైలే ఇవ్వండి. జేపెగ్ చేసేటప్పుడు కెమెరా ఆ రవ్వను సగం చెరిపి, సగం కుదించి ముద్ద చేస్తుంది. ఆ ముద్దలో ఏది చర్మం, ఏది రవ్వ అని ఏఐ కూడా విడదీయలేదు. మైనపు బొమ్మల్లాంటి ముఖాలు ఎక్కువగా అక్కడే పుడతాయి.

అన్ని ఫోటోలకూ నాయిస్ తీయకండి. ఐఎస్ఓ ప్రకారం వడపోసి 3200, ఆ పైన ఉన్నవాటిని మాత్రమే తీసుకోండి. పగటి మైలపోలు ఫోటోలకు ఇది దండగ, పైగా పాత వెర్షన్లలో ప్రతి ఫోటోకు డీఎన్‌జీ అనే రకం పెద్ద ఫైలు కొత్తగా తయారై డిస్కు నిండుతుంది. లైట్‌రూమ్ తనంతట 50 దగ్గర మొదలుపెడుతుంది. మనుషులున్న ఫోటోలకు నేను 30 నుంచి 40 మధ్య ఆపుతాను. కొంచెం రవ్వ మిగిలితే ప్రింటులో ఎవరికీ కనబడదు, చర్మం ప్లాస్టిక్ అయితే అందరికీ కనబడుతుంది.

పదును విషయంలో ఒక జాగ్రత్త. పోచంపల్లి చీరలో రంగు అంచులు సహజంగానే కొద్దిగా చెదిరి ఉంటాయి, ఇక్కత్ నేతకు ఆ చెదురే గుర్తు. ఏఐ దాన్ని మసకగా భావించి కత్తితో కోసినట్టు అంచులు గీస్తుంది. చేనేత చీర అచ్చు వేసిన చీరలా మారిపోతుంది. పదునును చివరికి వదిలేసి, తక్కువలో ఉంచండి.

ముఖాలు: ఆ మీట ఆపే ఉంచండి

నానమ్మ పచ్చబొట్టు పోయింది ఇక్కడే. ‘ఫేస్ రికవరీ’ అనో ‘ముఖాల మెరుగు’ అనో ఉండే మీట ఉన్న ముఖాన్ని శుభ్రం చేస్తుందని మనం అనుకుంటాం. నిజానికి అది మసకగా ఉన్న ముఖాన్ని చూసి, తాను నేర్చుకున్న ముఖాల నుంచి ఒక కొత్త ముఖాన్ని ఊహించి అతికిస్తుంది. ముఖాలు బాగుచేసే ఏఐ మోడళ్లలో 2021లో వచ్చిన జీఎఫ్‌పీగాన్, 2022లో వచ్చిన కోడ్‌ఫార్మర్ రెండూ ఎఫ్‌ఎఫ్‌హెచ్‌క్యూ అనే ఫోటోల సముదాయం మీద తర్ఫీదు పొందినవే. అందులో ఉన్నవి ఫ్లికర్ అనే ఫోటోల వెబ్‌సైటు నుంచి తీసుకున్న 70,000 ముఖాలు. వాటిలో నుదుటి పచ్చబొట్లు, రెండు వైపులా ముక్కుపుడకలు, వెడల్పాటి కుంకుమ బొట్లు ఎన్ని ఉంటాయో మీరే ఊహించండి. ఎక్కువగా చూడనిదాన్ని యంత్రం దోషం కింద జమ కడుతుంది.

టోపాజ్‌లో ‘ఆటోపైలట్’ ప్రతి ఫోటోకు ఏం కావాలో తనే నిర్ణయిస్తుంది. గుంపు పని మొదలుపెట్టే ముందు సెట్టింగుల్లోకి వెళ్లి ముఖాల మెరుగు తనంతట వేసుకోకుండా ఆపండి. తర్వాత అవసరమైన ఫోటోలు పదో ఇరవయ్యో ఉంటే వాటికి ఒక్కొక్కటిగా, తక్కువ మోతాదులో వాడండి. గుంపు ఫోటోల్లో వెనక వరుస ముఖాలకు అసలే వద్దు. పెసరగింజంత ముఖానికి కళ్లు, ముక్కు కల్పించి పెడుతుంది, మేనమామ ఎవరో కొత్త మనిషై కూర్చుంటాడు.

పెద్దది చేయడం

అవసరమా కాదా అన్నది ముందు భాగహారంతో తేల్చండి. మన దగ్గర ఆడే కరిజ్మా ఆల్బమ్ విప్పితే 12×36 అంగుళాలు, ఒక పేజీ 12×18. 6000×4000 పిక్సెళ్ల ఫోటోను పూర్తి పేజీకి వేస్తే 6000ను 18తో భాగించండి, అంగుళానికి 333 పిక్సెళ్లు. ప్రింటుకు 300 చాలు కాబట్టి పెంచాల్సిన పనే లేదు. రెండు పేజీలకూ పరిస్తే 167 వస్తుంది, అలాంటివి ఆల్బమ్‌లో మూడో నాలుగో. వాటికి మాత్రం లైట్‌రూమ్ సూపర్ రిజల్యూషన్ వాడండి. వెడల్పు, ఎత్తు రెండేసి రెట్లవుతాయి, 24 మెగాపిక్సెళ్లు 96 అవుతాయి. తొమ్మిది వందలకూ ఇది చేసేవాళ్లను చూశాను. కంప్యూటర్‌ను ఎందుకు అలా శిక్షించడం!

నిజంగా పెంచాల్సినవి బంధువులు వాట్సాప్‌లో పంపినవి. మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోయి వస్తాయి. ముందు ఫోను చేసి ‘డాక్యుమెంట్’గా మళ్లీ పంపమని అడగండి, ఏ ఏఐ కూడా ఆ పని అంత బాగా చేయలేదు. అసలు ఫైలు దొరకకపోతే ‘అప్‌స్కేల్’ (Upscayl) అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఇది ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది, వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతిని అర్థం చేసుకునే గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. తెరిచి ‘బ్యాచ్’ మీట ఆన్ చేయండి. ఫోటోలున్న ఫోల్డరు చూపండి. మోడల్ ఎంచుకోండి, ఫోటోలకు ‘స్టాండర్డ్’ చాలు, ‘డిజిటల్ ఆర్ట్’ బొమ్మలకు. రాసే ఫోల్డరు వేరుగా చూపండి. నాలుగు రెట్లున్న దాన్ని రెండుకు తగ్గించి మొదలుపెట్టండి.

ఇక్కడ తెలుగువాళ్లకే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఫోటో వెనక మండపం మీద వధూవరుల పేర్ల బోర్డో, స్వాగత ఫ్లెక్సో ఉంటే, చిన్నగా ఉన్న తెలుగు అక్షరాలను పెంచే మోడళ్లు గీతలుగా భావించి కొత్త లిపి తయారుచేస్తాయి. వత్తులు పోతాయి, తలకట్టు కొమ్ముగా మారుతుంది. పేర్లున్న చోట పాత ఫోటో ముక్కనే పైన అతికించండి. రామప్ప గుడి శిల్పాల ఫోటోలకూ ఇదే మాట. నల్లరాతి మదనికల మీద సన్నటి నగల పనిని ఏఐ తనకు తోచినట్టు మళ్లీ చెక్కుతుంది. ఇంట్లో గోడకు పెట్టుకోవడానికైతే సరే, చరిత్ర రాసేవారికి ఆ ఫోటో ఇవ్వకండి.

రాత్రి అప్పగింత

ముందు పది ఫోటోలతో పరీక్ష. సులువైనవి వద్దు, మొండివి ఏరండి: ముసలి ముఖం, జరీ చీర, తెలుగు బోర్డు, పసుపు ముఖం, మంటల పొగ, చంటిబిడ్డ. ఒక్కొక్కటీ వంద శాతం సైజులో అసలుతో పక్కపక్కన పెట్టి చూడండి. ఈ పది నెగ్గితే మిగతావి చాలావరకు నెగ్గుతాయి. అప్పుడే పట్టిన సమయం కూడా చూడండి. పదింటికి 200 సెకన్లు పడితే 900కు 18,000 సెకన్లు, అంటే ఐదు గంటలు.

మే నెలలో అయితే ల్యాప్‌టాప్‌ను పరుపు మీద కాకుండా బల్ల మీద, కింద గాలి ఆడేలా పెట్టండి. వేడెక్కితే వేగం తనంతట తగ్గించుకుంటుంది, ఐదు గంటల పని ఎనిమిదవుతుంది. నిద్రావస్థలోకి వెళ్లే అమరిక ఆపండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉన్నా అది రాత్రంతా మోయదు, కాబట్టి 900ను ఒకే గుట్టగా కాకుండా గుంపుల వారీగా, వందేసి చొప్పున వరుసలో పెట్టండి. మధ్యలో కరెంటు పోతే చివరి వందే మళ్లీ చేసుకోవాలి.

ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే క్షణాల్లో చేసిపెట్టే సేవలు చాలా ఉన్నాయి. చిన్న పనికి సరే. పెళ్లి ఫోటోలు మాత్రం మనవి కావు. అందులో వేరేవాళ్ల పిల్లలున్నారు, స్నానాల ఫోటోలున్నాయి. ఇంటివాళ్లను అడగకుండా నేను ఎక్కించను.

పొద్దున చూడాల్సినవి

మొదట లెక్క. లోపలికి 912 వెళ్తే బయటికి 912 రావాలి. తక్కువ వస్తే ఏ ఫైలు దగ్గర ఆగిందో వెతకండి. తర్వాత చిన్న బొమ్మల వరుసలో మొత్తం ఒకసారి జారవిడవండి. ఒక్కో ఫోటో విడిగా చూస్తే తెలియని రంగు తేడాలు పక్కపక్కన పెడితే ఇట్టే కనబడతాయి, ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు మారే చోట ముఖ్యంగా. ఆ తర్వాత ప్రతి ఇరవైకి ఒకటి తెరిచి వంద శాతంలో చూడండి. ముసలివాళ్లు, పిల్లలు ఉన్నవి మాత్రం ఏదీ వదలకుండా చూస్తాను. వేళ్లు, ముక్కుపుడకలు, పుస్తెలతాడు పూసలు, కళ్లద్దాల అంచులు, ఇవీ యంత్రం తడబడే చోట్లు. చెడినవి అసలు ఫైలు నుంచి చేత్తో మళ్లీ దిద్దండి. దిద్దినదాన్నే మళ్లీ ఏఐకి ఇస్తే తప్పు మీద తప్పు పేరుకుంటుంది.

ల్యాబుకు పంపేవి ఎస్‌ఆర్‌జీబీ రంగు పద్ధతిలో, జేపెగ్ నాణ్యత 90 పైన ఎగుమతి చేయండి. అడోబీ ఆర్‌జీబీలో పంపితే, ల్యాబు మెషీను దాన్ని గుర్తించకపోతే ఎర్ర చీర వెలిసిపోయి వస్తుంది. ఫోన్లలో పంచుకునేవాటికి పొడవు వైపు 2048 చాలు, ఎగుమతి చేసేటప్పుడు ఫోటో తీసిన చోటి వివరాలు తీసేయండి.

ఆల్బమ్ ఇచ్చి, ఇంటివాళ్లు సరేనన్నాక టిఫ్, డీఎన్‌జీ మధ్యంతర ఫైళ్లు చెరిపేయవచ్చు. అసలు రా ఫైళ్లు, గుంపుకో ప్రీసెట్ మాత్రం ఉంచండి. నా దగ్గర ‘మైలపోలు, ఎర్ర షామియానా’ అనే పేరుతో ఒక ప్రీసెట్ ఉంది. పరకాల పెళ్లి నుంచి మిగిలింది అదే. ఆ నానమ్మ ఫోటోలు పదిహేడు చేత్తో మళ్లీ దిద్ది, ఆ పేజీలు నా ఖర్చుతో తిరిగి ప్రింటు వేయించి ఇచ్చాను.